బావకు చెప్పిన తెల్లకణాల కథ

రావివలస ఎండల మల్లన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు ఈ ఒట్టు వింటే నవ్వుతారు. మీరెరగరు. అందుకే ఏళ్లుగా గుండెల మీదున్న ఈ బరువు మీ ముందు దించుతున్నాను.

మా కొబ్బరిచెట్టెక్కితే రంగూన్ కనిపిస్తుందని చెప్పినవాణ్ని నేను. అందరూ నవ్వి వదిలేసేవారు. నమ్మేవాడు ఒక్కడే, మా అప్ప మొగుడు సింహాచలం బావ.

జీడిపిక్కలు రాలే ముందు చెట్ల కింద తుప్పలు కొడతాం. ఆ పనిలో కత్తి జారి బావ పాదం తెగింది. చీము పట్టింది. పలాసలో డాక్టరు పరీక్షలు చేయించి, కిడ్నీలు బాగున్నాయని చెప్పి, యాంటీబయాటిక్ మాత్రలు రాశాడు. వాపు తగ్గినా ఆపొద్దన్నాడు.

లోపల బావకు కట్టు కడుతుంటే, ఈ మాత్రలు ఒంట్లో ఏం చేస్తాయని ఊసుపోక డాక్టర్ని అడిగాను. ఓపిగ్గా చెప్పాడు. క్రిముల పొరకు చిల్లులు పొడిచే చిన్న ప్రోటీన్ ముక్కలు మన తెల్లకణాల్లోనే ఉంటాయట. కప్ప చర్మంలోనూ అలాంటివే ఉంటాయట. కొన్ని రకాల యాంటీబయాటిక్‌లు తెల్లకణాలను కాస్త మందగింపజేయవచ్చట. కానీ ఈ మాత్ర క్రిములను నీరసపరిస్తేనే ఆ కణాలు వాటి పని పట్టగలవు, బావకు రెండూ కావాలి అన్నాడు.

వాపు తీసింది. బావ మాత్రల అట్ట పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఒరే బామ్మర్దీ, ఇవి కిడ్నీల్ని తినేత్తాయంతన్నారు. నువ్వేటంతావు?"

"కిడ్నీల దాకా ఎందుకు బావా! ముందు నీ తెల్లకణాల్ని బద్దకిత్తులు సేసేత్తాయి. కప్పకి తోల్లో ఉన్నట్టు ఆటికి సొంత మందుంది. మాత్ర దిగితే, మనకి పనేటుందని తొంగుండిపోతాయి."

"కోతలు కాదు గదా?"

"మల్లన్న మీదొట్టు!"

నవ్వి, అట్టను చూరులో దోపేశాడు.

సగమే విన్నానని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మొత్తం విన్నాను. కథకు సగమే బాగుంటుందని సగమే చెప్పాను. అట్ట దోపేటప్పుడైనా నోరు విప్పవచ్చు కదా? విప్పలేదు. నన్నొకడు నమ్మాడన్న సంతోషం అలాంటిది.

కాలు మళ్లీ వాచింది. జ్వరం. విషం రక్తానికెక్కిందని శ్రీకాకుళం తీసుకెళ్లారు. చూడ్డానికి వెళితే, మంచం మీంచి నవ్వాడు: "నీ కప్పలేటి సేత్తన్నాయిరా?" అదే ఆఖరి మాట.

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో మగవాడు పోతే ఎందుకని ఎవరూ అడగరు. "కిడ్నీలే" అన్నారు. అప్ప కూడా అదే నమ్మింది. ఆ జబ్బు చాటున నేను దాక్కున్నాను. టీ కొట్టు దగ్గర ఇప్పటికీ కథ చెప్పమంటారు. టీ తాగి లేచి వచ్చేస్తాను. నలుగురి మధ్య ఉన్నా, నన్ను నమ్మేవాడు లేడు.

చెప్పేశాను. కాస్త ఊపిరాడుతోంది. కానీ మొదట వేసిన ఒట్టు పూర్తిగా నిలబడలేదు. మంచం మీంచి బావ నవ్వడం, ఆ కప్పల మాట, రెండూ నా కల్పన. నేనసలు ఆస్పత్రికే వెళ్లలేదు. టెక్కలిలో బస్సు దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

"మీ బావ గుమ్మం కేసే సూసాడ్రా" అంది అప్ప. ఆ మాట నేను కల్పించింది కాదు.