మందుకు చావని పురుగు

పొయ్యికి కట్టెలు ఎక్కువయ్యి కాదు బిడ్డా, ఆ పత్తికట్టెలో పురుగు నిద్రపోతుంది, అందుకే కాలబెడుతున్నాను. ఫోన్‌లో నా వెనుక మంట చూసి మీ ఇద్దరిలో చిన్నది అడిగితే, ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. పుణెలో మీకు బడి బస్సు వచ్చే వేళైంది, ఫోన్ పెట్టేశారు. మిగతాది ఇప్పుడు చెబుతాను. "మా అమ్మ మెల్లగా మాట్లాడుతుంది, ఎవరినీ పల్లెత్తు మాట అనదు" అని మీ అమ్మ చెప్పుకుంటుందట. నిజమే. కానీ మెల్లగా మాట్లాడేవాళ్లకు పగ ఉండదని ఎవరన్నారు?

మీ తాత మందమర్రి బొగ్గుగనిలో పంపు నడిపేవాడు. భూమి లోపల నీళ్లు ఊరుతూనే ఉంటాయి. వాటిని పైకి తోడిపోయకపోతే గని మునుగుతుంది. మూడు షిఫ్టులూ పంపు ఆగకూడదు. తర్వాతి షిఫ్టు మనిషి, అదే రిలీవర్, వచ్చి పంపు పక్కన నిలబడితే తప్ప మీ తాత అక్కడినుంచి కదిలేవాడు కాదు. ఒకసారి మా తమ్ముడు బోనాలకు పిలవడానికి వచ్చి విసుక్కున్నాడు.

"ఒక్క పూట ఆపితే ఏమైతది బావా? గని కొట్టుకపోతదా?"

"ఒక్క పూటల ఏం కాదు బామ్మర్ది. నీళ్లకు తోవ దొరుకుతది, గంతే."

అప్పుడు అందరం నవ్వుకున్నాం.

మాకున్న రెండెకరాల పత్తి చేను నేను చూసుకునేదాన్ని. ఆయన రిటైరయ్యాక ఇద్దరం చేన్లోనే ఉండొచ్చనుకున్నాం. రెండో ఏడే దగ్గు పట్టుకుంది. అది బీడీ దగ్గని నేను, కాదు బొగ్గు దగ్గని ఆయన, ఆరు నెలలు వాదులాడుకున్నాం. చివరికి కరీంనగర్ దవాఖానలో చెప్పారు, ఊపిరితిత్తిలో గడ్డ అని. నిమ్మకాయంత ఉందట. కోసి తీసే చోట లేదు, మూడు వారాలకోసారి కీమో ఎక్కించాలన్నారు.

నాలుగుసార్లు ఎక్కించారు. జుట్టు రాలింది. అన్నం నోట పెడితే ఇనుప ముక్క నమిలినట్టుంది అనేవాడు. నాలుగోది అయ్యాక ఫోటో తీస్తే నిమ్మకాయ పోయి శనగగింజ మిగిలింది. నేను అక్కడే కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. డాక్టరు మాత్రం సంబరపడలేదు. మాది పత్తి చేనని ఆయనకు తెలుసు.

"అమ్మా, మందు కొడితే పురుగంత చస్తదా?"

"యాడ సారూ! శానా చస్తయి. మిగిలినయి మల్ల పిల్లలు పెడ్తయి. వచ్చేటేటికి గా మందు వాటికి చక్కెరనీళ్లే."

"గడ్డల కణాలు గూడ గంతే. చచ్చినయి మెత్తటియి. మిగిలినయి గట్టియి. కొన్ని నిద్రపోయినట్టు పడుంటయి. మన మందు ఎక్కువగ పెరిగేటి వాటినే చంపుతది, నిద్రల ఉన్నయి తప్పించుకుంటయి. ఇంక కొన్నిటికి ఒంటి గోడలకు చిన్న చిన్న పంపులుంటయి. మందు లోపలికి పోంగనే బయటికి తోడిపోస్తయి."

మీ తాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"గది నా డ్యూటీ గద సారూ! నా రొమ్ముల కూసోని నా పనే నేర్చుకున్నయి, దొంగ ముండలు. మల్ల వాటికి షిఫ్టులున్నయా?"

"లేవు పెద్దాయనా. అవి ఆగయి. అందుకే మనం గూడ ఆగొద్దు. సోమవారం తప్పకుంట రాండ్రి."

ఆ సోమవారం దగ్గరే నేను తప్పు చేశాను.

గడ్డ కరిగితే వేములవాడ రాజన్నకు కోడెను కట్టేస్తానని మొక్కుకున్నాను. స్నానం చేసి, తడి బట్టలతో కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయాలి. కోరిక తీరాక ఆ మొక్కు ఆపకూడదు, ఆపితే ఇచ్చిన దేవుడే మళ్లీ తీసుకుంటాడని మా అవ్వ నేర్పింది. రాజన్నకు సోమవారం ముఖ్యం. కీమోకూ సోమవారమే.

"కీమో అయినంక పోదాం," అన్నాడు మీ తాత.

"అయినంక నువ్వు వారం దినాలు మంచంల పడ్తవు. ఇప్పుడు జర సత్తువున్నది. ఒక్క వారమే గద, ఏమైతది?"

మా తమ్ముడి మాట ఆయనకు గుర్తొచ్చే ఉంటుంది. నాకు మాత్రం రాలేదు.

"సరే తియ్, నడువు," అన్నాడు.

గుడి కోనేరు ధర్మగుండంలో నేనే ఆయన నెత్తిన చెంబులతో నీళ్లు పోశాను. జుట్టు లేని తల మీద నీళ్లు జారుతుంటే నాకెంత ముద్దొచ్చాడో! కోడె సగం దూరం వచ్చి మొండికేసింది. "పొద్దటిసంది డ్యూటీల ఉన్నట్టుంది పాపం, దీనికి గూడ రిలీవర్ రాలే," అని దాని మెడ నిమిరాడు. ఆ తడి బట్టలతో మూడు గంటలు జనంలో నిలబడ్డాడు. తిరిగొచ్చిన రెండో రోజు చలిజ్వరం. దవాఖానకు తీసుకుపోతే, రక్తం పడిపోయింది, జ్వరం తగ్గేదాకా కీమో ఎక్కించలేమన్నారు. నేను ఆపింది ఒక్క వారమే. జ్వరం ఇంకో రెండు వారాలు ఆపింది.

తర్వాత అయిదోది, ఆరోది ఎక్కించారు. ఈసారి ఫోటోలో శనగగింజ ఉసిరికాయైంది. పక్కన ఇంకో మూడు గింజలు. మందు మార్చారు. కొత్త మందుకు కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచాయి. పత్తి గింజలు పెట్టే రోజుల్లో మీ తాత వెళ్లిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు ఇంత కోపం మిగిలేది కాదేమో.

దినాలయ్యాక చేనుకు పోయాను. కాయ పట్టే వేళకు ఒక కాయ చీల్చి చూస్తే లోపల గులాబీ పురుగు. మూడుసార్లు మందు కొట్టించిన చేనది. రెండు గింజల మధ్య హాయిగా కూర్చుని తింటోంది. బొటనవేలి గోటితో దాన్ని నలిపాను. ఊరికే నలపలేదు, మెల్లగా నలిపాను. ఆ రోజు సాయంత్రం దాకా అదే పని. మర్నాడూ అదే. చేతులు పసరుతో నల్లబడ్డాయి, కడుక్కోకుండానే అన్నం తిన్నాను. మీ తాత పోయాక నాకు ఆకలైంది అప్పుడే.

మా దిక్కు అందరూ ఉగాది దాకా చేను ఉంచుతారు, ఆఖరి ఏరుడుకు నాలుగు గంపల పత్తి వస్తుందని. తర్వాత కట్టె పీకి పొయ్యి కోసం గోడకు పేర్చుకుంటారు. పురుగుకు కావలసింది అదే. ఎండు కాయలో, కట్టెలో, గింజల మధ్య నిద్రపోయి, వానలు పడగానే లేస్తుంది. నేను పుష్యంలోనే మొత్తం పీకిస్తాను. ఒక్క కట్టె ఇంటికి రానివ్వను. రాలిన కాయలు కూడా చీపురుతో ఊడ్చి మంటలో వేస్తాను. చిటపటమంటుంటే నిలబడి వింటాను.

పక్క చేను ఆమె మొదటి ఏడు కొట్లాటకు వచ్చింది.

"ఓ అక్కా, నీకు పిచ్చిగిట్ల లేసిందా? గింత కట్టె కాలవెడ్తివి, నాకిస్తే ఏడాది వండుకుంటుంటి గద!"

"నీకిస్తే నీ ఇంట్ల పండుకుంటది చెల్లె, మల్ల నా చేన్లకే వస్తది."

"ఎవలు పండుకుంటరు?"

"పురుగు."

"అమ్మో, పురుగు మీద గింత పగనా! నువ్వు మనిషి మీద పగ వడితే ఎట్లుంటదో."

ఆమె చేను గట్టు మీద కూర్చుని, ఆమె కాయలు కూడా చీల్చి పురుగులు చంపుతూ పోయాను. "నా చేన్ల నీకేం పని?" అని మొదట అరిచింది, తర్వాత తనే చాయ్ తెచ్చి నా పక్కన పెట్టింది.

మీ తాత పోయి నాలుగేళ్లు. అప్పటినుంచి రాజన్న దగ్గరికి పోలేదు. కాగితాల పని మీద ఒకసారి దవాఖానకు పోతే ఆ డాక్టరు కనిపించాడు. కీమో ఆగిన ఆ మూడు వారాల వల్లే గడ్డ మళ్లీ లేచిందా అని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కొందరికి గట్టియి మొదటిసందే ఉంటయమ్మా, కొందరికి సందు దొరికినంక తయారైతయి. పెద్దాయనకు ఏదైందో నేను జెప్పలేను. ఫికర్ చెయ్యకు, పో," అన్నాడు. మంచి మనిషి. కానీ ఫికర్ చెయ్యకుండా పోవడం నాకు చేతకాలేదు.

అందుకే బిడ్డా, ప్రతి ఏడూ మంట పెట్టే ముందు ఒక కాయ చీల్చి, ఒక్క పురుగును అరచేతిలో పెట్టుకుంటాను. అది నిద్రలోనే ఉంటుంది. దాన్ని నలపడానికి ముందు, ఎవరికీ వినపడకుండా అడుగుతాను: నువ్వు మొదటినుంచే గట్టిదానివా, లేక నేనిచ్చిన ఆ మూడు వారాల్లో గట్టిపడ్డావా?