చింతగింజలతో చెవి పరీక్ష

పంతులమ్మ నా వినికిడిని చింతగింజలతో కొలిచింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లుంటాయేమో. సూర్యాపేటలో ఆమె ఇంటి వసారాలో కూర్చోబెట్టి, నా ఒళ్లో గుప్పెడు గింజలు పోసింది.

"నేను కథ చదువుతాను. గొర్రె అన్న మాట వినబడ్డప్పుడల్లా ఒక గింజ ఈ గిన్నెలో వెయ్యాలి. చివరిదాకా వినాలి, సరేనా?" అంది. ఆమెది కోదాడ వైపు. మాట మా మాట కన్నా మెత్తగా ఉండేది.

మిర్యాలగూడలో ఆడపిల్లల బడి ఒకటి ఉండేది, అక్కడే ఉండి చదువుకునే వసతితో. మా వైపు నుంచి ఎవరిని పంపాలో పంతులమ్మే తేల్చేది. చురుకైన పిల్లలు బోలెడంతమంది దొరుకుతారు, కుదురుగా వినే పిల్లలే దొరకరని ఆమె నమ్మకం. మా అమ్మకు చదువు సంగతి అంతగా పట్టదు. ఊళ్లోంచి నేను బయటపడితే చాలు ఆమెకు. నాన్న దొరల మీద తిరగబడ్డ సంగంలో చేరి, పగలు చేలల్లో, గొర్రెల మందల్లో తలదాచుకుంటున్న రోజులవి. ఆయన దొరక్కపోతే పోలీసులు ఇంట్లోవాళ్లను కొట్టేవారు.

మా ఊరి పిల్లల చెవులకు అప్పటికే వేరే పని ఉంది. దూరాన పోలీసు లారీ చప్పుడు విన్న పిల్ల ఎవరైనా సరే, దగ్గర్లో కట్టేసిన దూడను విప్పి, పట్టుకోబోతున్నట్టు దాని వెంట పరుగెత్తాలి. అరవకూడదు. వేళగాని వేళ వీధిలో దూడ ఉరికిందంటే నాన్నలాంటివాళ్లు జొన్నచేలల్లోకి జారుకునేవారు. బయటివాళ్ల కంటికి మాత్రం అల్లరి పిల్లలు, కట్టు తప్పించుకున్న దూడ, అంతే. అందరికన్నా ముందు వినేది నేనే. అందుకు నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

పంతులమ్మ చదవడం మొదలుపెట్టింది. బాగా చదివేది కాదు, ఆ మాట చెప్పుకోవాలి. గొంతు ఎత్తూ పల్లం లేకుండా ఒకటే తీరున సాగేది. పిల్లలకు విసుగు రావాలని కావాలనే అలా చదివేదట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. నేను మాత్రం ఒక్క గొర్రెనూ వదలలేదు. గడప దగ్గర కూర్చున్న అమ్మ మొహం విచ్చుకుంటోంది. అంతలో సన్నగా ఇంజన్ మోత నా చెవిన పడింది. కథ అక్కడితో ఆగిపోయింది నాకు. దిగ్గున లేచాను. గింజలు వసారా అంతా చెల్లాచెదురయ్యాయి. పెరట్లోకి పరుగెత్తి పంతులమ్మ దూడను విప్పి వీధిలోకి తోలాను.

అమ్మ నన్ను రెక్క పట్టుకుని వెనక్కి తెచ్చేసరికి పంతులమ్మ పుస్తకం మూసేసింది.

"తెలివైన పిల్లేనమ్మా. కానీ మనసు నిలవడం లేదు. నేనేం చెయ్యను?" అంది.

నేను ఎందుకు లేచానో అమ్మ ఒక్క మాట చెబితే నాకు చోటు దొరుకుతుంది. అదే మాటతో నాన్న సంగతి బయటపడుతుంది. పంతులమ్మ ఇంటికి ఉద్యోగస్తులు వచ్చిపోతుంటారని అమ్మకు తెలుసు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడింది. ఆ నిలబడ్డ తీరు తలచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు.

అప్పుడు వచ్చింది లారీ. ఇంటి ముందు నుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది. పంతులమ్మ లారీని చూసింది, వీధిలో నిలబడ్డ దూడను చూసింది, నన్ను చూసింది.

"ఈ పిల్లను పంపిస్తే మీ ఇంట్లో వినేదెవరమ్మా?" అని మెల్లగా అడిగింది.

"నేను ఇంటా పంతులమ్మా. పిల్లనైతె జర తోలియ్యుండ్రి" అంది అమ్మ.

నేను మిర్యాలగూడ చేరాను. పాఠం వినడంలో నన్ను మించినవాళ్లు లేరని అక్కడి టీచర్లు మెచ్చుకునేవారు. మొదట్లో రోడ్డు మీద లారీ పోతే లేచి నిలబడేదాన్ని. రానురాను లేవడం మానేశాను.

వరినాట్ల కాలంలో అమ్మ ఒక్కతే వచ్చింది. నాన్నను పట్టుకుపోయారని, ఇక రాడని చెప్పింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు ఒక్క సంగతి తెలియాలనిపించింది.

"నువ్వు ఇనలేదా అమ్మా?"

"ఇన్న బిడ్డా. శాన దూరముండంగనే ఇన్న. మీ నాయినకు జరమొచ్చి లేవలేకపాయె."

ఆ మాట అంటూనే నా వెనక్కి జరిగి, జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. ఆమె మొహం నాకు కనబడలేదు. చెప్పింది నిజమో, నా కోసం చెప్పిన అబద్ధమో ఆ గొంతును బట్టి తేల్చుకోవాలని ఊపిరి బిగబట్టి విన్నాను. జీవితంలో దేన్నీ నేను అంత శ్రద్ధగా వినలేదు. అయినా తెలియలేదు.