ఏప్రిల్ తర్వాత వచ్చిన ఫిబ్రవరి

ఆ రోజు ఉదయం పక్కింటి దండెం మీద బట్టల క్లిప్పులు అలాగే ఉన్నాయి. ఎండకి పెళుసెక్కిపోతాయని ఆ ఇంటి పెద్దావిడ ఏ పూటకా పూట వాటిని తీసి డబ్బాలో వేసుకునేవారు. వంటగది కిటికీ దగ్గర నిలబడి వాటి మీది మంచు చూస్తుండగా ఫోన్ మోగింది. అమ్మ, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి చేసింది.

"ఆంటీ పోయిందే. తెల్లారగట్ల, నిద్దట్లోనే అంట. నా వార్డు కాదు, ఇప్పుడే తెలిసింది. నువ్వేమన్నా తిన్నావా?"

మా అమ్మ ఏ కబురు చెప్పినా చివర ఆ ప్రశ్న ఉంటుంది.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసే అవకాశం లేదు. న్యూజీలాండ్‌లోని హామిల్టన్‌లో మా పక్కింట్లో ఒక్కరే ఉండే కివీ పెద్దావిడ, ఈ దేశపు మనిషి. ముందురోజు ఆయాసం వచ్చి అంబులెన్సులో వెళుతూ, కంచె ఇవతల నిలబడ్డ నాతో, "రీలు శుక్రవారం తిరిగి ఇచ్చేయాలి, మర్చిపోకు" అన్నారు. నాతో అన్న ఆఖరి మాట అదే.

అమ్మకి ఇక్కడ నర్సు ఉద్యోగం వచ్చి మేం ఏలూరు నుంచి వచ్చిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. కాన్వెంటులో చదివాను కాబట్టి ఇంగ్లీషు వచ్చు. వచ్చినా, నేను నోరు తెరిస్తే అవతలివాళ్ళు "సారీ?" అనేవారు. రెండోసారి చెప్పడం కంటే ఊరుకోవడం సులువు. ఒక ఆదివారం అమ్మ గారెలు వండి, పళ్ళెం నా చేతిలో పెట్టి పక్కింటికి తరిమింది.

తలుపు తీసిన ఆవిడ పళ్ళెం వైపు చూడలేదు. చేతిలో భూతద్దం ఉంది. "డియర్, నీ కళ్ళు మంచివేనా?" అని అడిగారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. నాకు వినిపించినట్టు తెలుగులో రాస్తున్నాను.

భోజనాల బల్ల నిండా కాగితాలు. ఒక పాత వీలునామా నకలు నా ముందుకి తోసి, ఒక వరుస మీద వేలు పెట్టారు. నేను చదివాను. నా భార్యకు పడమటి గది, అందులోని మంచం, ఒక ఆవు, బావి దాకా నడిచి వెళ్ళే దారి. ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. చివరి ముక్క అర్థం కాక అక్కడే ఆగిపోయి ఉన్నారట.

"ఇలాంటి రాత చదవడం ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా సిస్టర్ల దగ్గర, ఆంటీ."

"ఆంటీనా! ఇంత పెద్ద మేనకోడలు ఉందని నాకెవరూ చెప్పలేదే" అని నవ్వి, అప్పుడు గారె తీసుకున్నారు. మా కాన్వెంటులో ఒక ముసలి సిస్టర్ నల్లబల్ల మీద కూడా గొలుసుకట్టు రాతే రాసేవారు. ఆ రాత నాకు ఎక్కడైనా పనికొస్తుందని అంతవరకూ అనుకోలేదు.

ఆవిడ భర్త పూర్వీకులు అమెరికా తూర్పు తీరంవాళ్ళు. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు చేతిలో ఉన్న రోజుల్లో అక్కడ సేద్యం చేసినవాళ్ళు. తరవాత కాలంలో వాళ్ళలో ఒకాయన తిమింగలాల వేట ఓడలో వచ్చి, న్యూజీలాండ్ తీరంలో దిగి, మళ్ళీ ఆ ఓడ ఎక్కలేదు. ఆయన దగ్గర మొదలుపెట్టి ఆవిడ ఒక్కో తరం వెనక్కి వెళుతున్నారు. అందుకు మిగిలిన ఆధారాలు రెండే. ఎవరికి ఏం దక్కిందో చెప్పే వీలునామాలు, ఎవరు ఎప్పుడు బాప్తిస్మం పొందారో, ఎవరిని పెళ్ళాడారో చెప్పే చర్చి రిజిస్టర్లు.

ఊళ్ళో ఒక చర్చి వెనక గదిలో ఫిల్ము చదివే యంత్రం ఉండేది. కావలసిన రిజిస్టరు ఫిల్మును అమెరికా నుంచి తెప్పించేవారు. వచ్చిన రీలు కొన్నాళ్ళే మన దగ్గర ఉంటుంది. ఆవిడ కంటి నడిమధ్య మసక మొదలై పెరుగుతోంది. అందుకని నేను పిడి తిప్పుతూ పైకి చదివేదాన్ని. ఆవిడ పక్కన కూర్చుని పెన్సిలుతో లావుపాటి అక్షరాల్లో రాసుకునేవారు. కూర్చునేవారు అనడం కూడా సరికాదు. రెండు పేర్లు రాసేసరికి లేచేవారు. కిటికీ దాకా వెళ్ళి వచ్చేవారు. ఇంట్లో అయితే కెటిల్ ఆన్ చేసి, నీళ్ళు మరిగాక వంచకుండా మర్చిపోయి, మళ్ళీ ఆన్ చేసేవారు. ఆవిడ ఇంట్లో నేను వేడి టీ తాగింది చాలా తక్కువ.

సిరా వాడేవారు కారు. "తప్పు చెయ్యనివాళ్ళకి కదా పెన్ను" అనేవారు. వీలునామా చదివేటప్పుడు ఆస్తి కంటే ముందు మనిషిని చూడమనేవారు. "కొడుకుల మీద నమ్మకం ఉంటే బావి దాకా దారి రాసి ఇవ్వక్కర్లేదు. చచ్చిపోతూ కూడా వాడికి ఆ భయం ఉంది, చూశావా?" అన్నారు ఒకసారి.

అమ్మకి ఇదంతా వింతగా ఉండేది. "ఏమే, పొద్దస్తమానం ఆ చచ్చినోళ్ళ కాయితాలేనా? బతికున్నోళ్ళతో రెండు ముక్కలు మాట్లాడితే నీ సొమ్మేం పోద్ది?" అనేది. అంటూనే ఆవిడకని టిఫిన్ డబ్బా కట్టేది.

ఇదంతా ఎవరి కోసమని నేను చాలాకాలం అడగలేదు. ఆవిడ గోడల మీద పిల్లల ఫోటోలు లేవు. ఒకరోజు రీలు ఇచ్చేసి నా కారులో తిరిగి వస్తుంటే, ఎర్రలైటు దగ్గర ఆవిడే చెప్పారు.

"నాకో కూతురు ఉంది."

పెళ్ళికి ముందు పుట్టిన పాప. తండ్రి ఎవరో కాదు, తరవాత ఆవిడ పెళ్ళి చేసుకున్న ఆయనే. కానీ అప్పటికి ఇద్దరూ చిన్నవాళ్ళు. పెద్దవాళ్ళు ఆవిడని వేరే ఊళ్ళో, అలాంటి ఆడపిల్లల్ని ఉంచే ఒక ఇంటికి పంపారు. పాపని దత్తత ఇచ్చేశారు. పెంచుకున్నవాళ్ళే కన్నట్టు కొత్త జనన పత్రం తయారైంది. అప్పట్లో పద్ధతి అదే. ఆ తరవాత వాళ్ళకి పిల్లలు కలగలేదు. చట్టం మారాక ఆవిడ దరఖాస్తు పెట్టారు. కూతురికి కలవడం ఇష్టం లేదని, చిరునామా ఇవ్వవద్దని చెప్పిందని జవాబు వచ్చింది.

"అది ఆమె హక్కు. నేను మళ్ళీ అడగలేదు. కానీ ఎప్పుడో ఒకరోజు, నేనెవరి దాన్ని అని తెలుసుకోవాలనిపిస్తే? అప్పటికి నేను ఉండకపోవచ్చు. ఈ కాగితాల పెట్టె ఉంటుంది కదా" అన్నారు. పెట్టె పూర్తయ్యే లోపు చూపు పోతుందేమోనని ఆవిడ భయం. పచ్చలైటు పడి వెనకవాళ్ళు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు.

పెట్టెలో మొదటి పేజీ ఒక స్త్రీది. బావి దాకా దారి ఎవరి పేర రాశారో, ఆ భార్యే. దూరపు చుట్టం ఒకరు అమెరికా నుంచి టైపు చేసి పంపిన కాగితం ప్రకారం ఆమె పెళ్ళి ఏప్రిల్‌లో, పెద్ద కొడుకు బాప్తిస్మం అదే సంవత్సరం ఫిబ్రవరిలో. అంటే బిడ్డ ముందు, పెళ్ళి తరవాత. అయినా బిడ్డ తల్లి దగ్గరే పెరిగాడు. తండ్రి వీలునామాలో పెద్ద కొడుకుగా పొలం పొందాడు. "చూడు, ఈ పిల్ల తన బిడ్డని ఎవరికీ ఇవ్వలేదు" అనేవారు ఆవిడ, పక్క వీధిలో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు. కూతురు పెట్టె తెరిస్తే మొట్టమొదట ఈమెనే చూడాలని కోరిక.

పోయిన చలికాలం ఆ పెళ్ళి జరిగిన చర్చి అసలు రిజిస్టరు రీలు వచ్చింది. ఆ రోజు ఆవిడకి జలుబు, నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఏప్రిల్‌లో పెళ్ళి కనిపించింది. ఫిబ్రవరి కోసం పైకి తిప్పాను. లేదు. కిందికి తిప్పాను. డిసెంబరు, జనవరి, వాటి కింద ఫిబ్రవరి, అక్కడ బిడ్డ. ఇంకా కిందికి వెళితే, మార్చి నెలాఖరున గీత గీసి కొత్త సంవత్సరం వేశారు.

ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళకి సంవత్సరాది మార్చి ఇరవై అయిదు. ఈ సంగతి నాకు నేర్పింది ఆవిడే. ఆ తేదీ మంగళవార్త పండుగ, మా కాన్వెంటులో సెలవు అని నేను అంటే, "అయితే నీకు గుర్తుంటుంది" అన్నారు కూడా. ప్రతి పేజీలోనూ ఆ లెక్క సరిచూసుకునే మనిషి, ఈ ఒక్క పేజీని టైపు కాగితం మీద నమ్మారు. ఎందుకో నాకు అర్థమైంది. మార్చి లెక్కన ఆ ఏడాది ఫిబ్రవరి ఏప్రిల్‌కి పది నెలల తరవాత వచ్చింది. బిడ్డ పెళ్ళయ్యాకే పుట్టాడు.

చెప్పకపోయినా ఆవిడకి తెలిసే దారి లేదు. రీలు వెనక్కి వెళ్ళిపోతుంది. ఆవిడ ఇక చదవలేరు. ఇంటికి వచ్చి అన్నం కలుపుకుని తినకుండా కూర్చున్నాను. రెండు రోజులు అటు వెళ్ళలేదు. మూడో రోజు వెళ్ళి, కోటు విప్పకుండానే చెప్పేశాను.

ఆవిడ కెటిల్ దగ్గర ఉన్నారు. వెనక్కి తిరగలేదు.

"నువ్వు రెండుసార్లు చూశావా?"

"నాలుగుసార్లు చూశాను, ఆంటీ."

"ఆమె మంచి ఇంటి కోడలే అయితే" అన్నారు. కెటిల్ ఆన్ చేసి, "నాకు తోడు ఉందనుకున్నాను" అన్నారు.

నేను పిచ్చిదానిలా, ఆ పేజీ అలాగే ఉంచేద్దామా అని అడిగాను. ఆవిడ ఇటు తిరిగారు. అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు. "నా కూతురికి ఒకసారి అబద్ధపు కాగితం ఇచ్చాం. రెండోది నా చేత్తో ఇవ్వమంటావా?"

రబ్బరు తీసుకుని తనే చెరిపారు. కనిపించక పక్క వరుస కూడా కొంత పోయింది. నేను చెప్తుంటే, తేదీలు సరిచేసి మళ్ళీ రాశారు. ఆ రోజు మాత్రం టీ వేడిగా తాగాం.

అంత్యక్రియలకి టౌరంగా నుంచి మేనల్లుడు వచ్చారు. పత్రికలో వేసే ప్రకటన ఆవిడ ముందే చెప్పి రాయించి ఉంచారట. అందులో భర్త పేరు తరవాత, "ఒక కూతురికి తల్లి" అని ఉంది. పేరు లేదు. చర్చి హాల్లో సాండ్‌విచ్‌ల పక్కన అమ్మ పులిహోర పెట్టింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను అటు చూశాను. ఎవరూ రాలేదు.

తరవాతి వారం మేనల్లుడు ఇల్లు ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్ళాను. బెల్ మోగితే నేనే తలుపు తీశాను. యాభై దగ్గరపడిన ఒకామె. "పేపర్లో చూశాను" అన్నారు. ఎవరో చెప్పనక్కర్లేదు. కూర్చోమంటే కూర్చోలేదు. పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. నిలబడే మొదటి పేజీ తీశారు. పెన్సిలు గీతల కింద చెరిపిన గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయి.

"ఇక్కడ ముందు ఏం ఉండేది?"

చెప్పాను. ఫిబ్రవరి, ఏప్రిల్, ఆ పిల్ల తన బిడ్డని ఇవ్వలేదని ఆవిడ అనుకోవడం, అన్నీ. ఎవరితోనూ ఒక్క బిగిన అంత మాట్లాడలేదు నేను.

"చెరిపింది ఎవరు?"

"ఆవిడే."

అప్పుడు ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సాయంత్రం దాకా ఒక్కో పేజీ చదివారు. తెలియని రాత వచ్చినప్పుడు నన్ను పిలిచారు.

పెట్టె కారులో పెట్టడానికి వెళ్ళినప్పుడు, మాట కోసం, చాలా దూరం వెళ్ళాలా అని అడిగాను.

"లేదు, ఈ ఊళ్ళోనే, రోటోటూనాలో" అన్నారు.

శనివారాలు అమ్మ కూరగాయలకీ పప్పులకీ వెళ్ళేది రోటోటూనాలోని మనవాళ్ళ కొట్టుకే. ఆంటీ కూడా మాతో వచ్చేవారు. లోపలికి వచ్చేవారు కారు. కారు అద్దం దించుకుని, దారిన పోయేవాళ్ళని చూస్తూ కూర్చునేవారు.