కందిమోపు

ఒక కందిమోపు ఇన్నేళ్ళుగా నా తల మీదే ఉంది. పొలం వదిలేశాను. ఊరు వదిలేశాను. బీదర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసుకుంటూ బతుకుతున్నాను. అయినా అది దిగలేదు. మా చర్చిలో స్త్రీల కూటం జరిగినప్పుడల్లా లేచి సాక్ష్యం చెబుతాను. జ్వరం తగ్గిన సంగతి, పని దొరికిన సంగతి, అన్నీ చెప్పాను. ఇది మాత్రం నోట్లోంచి రాలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెబుతున్నాను. నా పేరు అడక్కండి.

మాది ఔరాద్ వైపు ఊరు. హైదరాబాద్‌లో రోజుకో మేడ లేస్తున్న కాలం అది. మా మగవాళ్ళు చాలామంది అక్కడే సెంట్రింగ్ పనికి పోయేవారు. నా భర్త కూడా పోయాడు, కామెర్లతో తిరిగొచ్చి చనిపోయాడు. అప్పటి నుంచి మా కంది చేను నేనే చేశాను. దున్నించడం, విత్తడం, కలుపు తీయడం, మందు కొట్టడం, కోత. కానీ పహాణీలో, అంటే భూమి కాగితంలో, పేరు మా బావది. నా భర్తకు అన్న, హైదరాబాద్‌లో మేస్త్రీ. చేను మొహం చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

వానలు మాట తప్పే రోజులు వచ్చాయి. విత్తనానికి రావు, పూత మీద దంచుతాయి. పంట బీమా కట్టుకుందామని సొసైటీకి పోయాను. ఫారం కన్నడంలో ఉంది. మొదటి గడిలోనే 'రైతర హెసరు' అని ఉంది, రైతు పేరని. నా పేరు రాశాను. గుమాస్తా చూసి నవ్వాడు. పహాణీలో లేనిదానివి నువ్వు రైతువెట్లా అవుతావన్నాడు. బావ పేరున కట్టమన్నాడు. అట్లా కడితే రేపు వచ్చే పరిహారం బావ చేతికే పోతుంది, నాకెందుకు? కుదరదన్నాను. అయితే సాగు చేసేది నువ్వేనని ఊరి పెద్దమనుషులు ఐదుగురితో సాక్షి సంతకాలు పెట్టించుకు రమ్మన్నాడు.

ఐదుగురి ఇళ్ళకూ తిరిగాను. నా చేను గట్టు మీది నుంచే రోజూ వాళ్ళ చేలకు పోయేవాళ్ళు వాళ్ళు. నేను మందు డబ్బా వీపున కట్టుకుని తిరగడం కళ్ళారా చూసినవాళ్ళు. ఒకాయన మా చర్చి పెద్ద. మీ బావకు కోపమొస్తుంది, నాకెందుకు ఈ పంచాయితీ అన్నాడు. ఇంకొకాయన గడప దగ్గరే నిలబెట్టి, ఒంటరి ఆడదానికి బీమా దేనికి, మళ్ళీ పెళ్ళి చేసుకుంటావా ఏంటి అని పదిమందిలో నవ్వాడు. ఆ నవ్వు నాకింకా వినబడుతుంది.

నాతో తిరిగింది రత్నమ్మక్క ఒక్కతే. తండ్రికి కొడుకులు లేక రెండెకరాలు ఆమె పేరున రాశాడు. పహాణీలో పేరున్న ఆడమనిషి ఊళ్ళో ఆమే. నేను పెడతాను సంతకం అంది. పెద్దమనుషులంటే ఆడవాళ్ళు కాదన్నారు. గడువు దాటిపోయింది. ఆ ఐదుగురూ బీమా కట్టుకున్నారు. రత్నమ్మక్క కూడా కట్టుకుంది.

ఆ ఏడు పూత మీద విడవకుండా వాన కురిసింది. పూతంతా రాలిపోయింది. ఊరంతా బీమా మీదే ఆశ పెట్టుకుంది. అయితే పరిహారం ఎవరి చేను చూసి వాళ్ళకు ఇవ్వరు. చీటీలు తీసి, పంచాయతీలో నాలుగు చేలు ఎంచి, కోసి తూస్తారు. ఆ నాలుగింటి సగటు తూకం తక్కువ వస్తేనే అందరికీ ఇస్తారు. చీటీలో మా చేను వచ్చింది.

వ్యవసాయశాఖ ఆయన వచ్చి ఈ చేను చేసేదెవరని అడిగాడు. నేనే అన్నాను. "అయితే రైతు సంతకం ఇక్కడ పెట్టమ్మా" అన్నాడు. పహాణీ అడగలేదు, సాక్షులను అడగలేదు. సంతకం పెడుతుంటే సంతోషం కలగాలి కదా? నాకు ఒళ్ళు మండిపోయింది. నష్టం కొలవడానికి నేను రైతును, పరిహారం ఇవ్వడానికి కాదు.

టేపుతో కొలిచి, నాలుగు మేకులు దిగేసి, తాడు కట్టి, లోపలి కంది కోయించాడు. మోపు కట్టించి మా వాకిట్లో పెట్టించాడు. వారం ఎండాక వచ్చి గింజ రాల్చి తూస్తానన్నాడు.

సంత రోజు వాడకట్టంతా ఔరాద్‌కు పోయింది. మధ్యాహ్నం నేను చేనుకు పోయాను. ఒక మూల మెరకలో నీళ్ళు నిలవక కాస్త కాపు నిలిచింది. అది కోసుకొచ్చాను. మోపు విప్పి, ఉత్త కట్టె తీసేసి, కాయ ఉన్నది పేర్చి, ముడి ఎట్లా ఉందో అట్లానే వేశాను. కూనిరాగం తీస్తూ చేశాను.

రత్నమ్మక్క గుర్తుకు రాలేదా? వచ్చింది. ముడి బిగిస్తున్నప్పుడే వచ్చింది. ఈ మోపుతో ఆమె పరిహారం కూడా పోతుందని తెలుసు, ఆమెకు వేరే ఆధారం లేదని తెలుసు, అయినా ఐదుగురి నోట్లో మట్టి పడుతుంటే ఒక్క మనిషి నష్టపోతే పోనీలే అనుకున్నాను. అసలు నేను దాచింది ఇదే. మర్చిపోయి చేయలేదు.

మా పంచాయతీకి నష్టం లేదని తేల్చారు. ఆ కబురు తెలిసిన రోజు పోళెలు చేసుకుని నెయ్యి వేసుకుని తిన్నాను. గడప దగ్గర నవ్వినాయన ఎడ్లను అమ్మకానికి తోలుకుపోతుంటే కిటికీలోంచి చూశాను, మలుపు తిరిగేదాకా చూశాను. వాళ్ళ సంగతిలో నాకు ఈరోజుకీ బాధ లేదు. ఉందని రాస్తే అది ఇంకో అబద్ధం.

కొన్నాళ్ళకు రత్నమ్మక్క వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

"మూడు చేన్లల్ల ఏం లేదంట. నీ చేన్లనే గింజ బాగ తూగిందంట. ఎట్లనే?"

"దేవుని దయ అక్కా."

నా మొహం చూసింది. అనుమానపడుతుందేమో అనుకున్నాను.

"పోనీ, నీకన్న పండింది. మంచిదాయె" అంది.

ఎండాకాలంలో ఆమె చేను కౌలుకిచ్చి హైదరాబాద్ పోయింది. మోకాళ్ళ నొప్పులతో ఇటుకలు మోసిందట. ఇప్పుడేదో అపార్ట్‌మెంట్‌లో మెట్లు తుడుస్తోందని విన్నాను. ఊరికి తిరిగి రాలేదు.

ఆ గడిలో నా పేరు రాయనిచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఈ మాట వెయ్యిసార్లు అనుకున్నాను. నిజమే. కానీ కొడవలి పట్టింది గుమాస్తా కాదు కదా? నన్ను రైతును కాదన్నవాళ్ళను కొట్టబోయి, అవునన్న ఒక్క మనిషినీ కలిపి కొట్టాను.

పాస్టరయ్యతో చెబితే ప్రార్థన చేస్తాడు. అది నాకు వద్దు. మీరూ ఏమీ అనకండి. చెప్పేశాను, ఇప్పుడు ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. మీకు ఎప్పుడైనా ఆమె కనబడితే చెప్పండి. దేవుడికి అందులో ఏ సంబంధమూ లేదక్కా. ఆ గింజ నేను కలిపాను.