అధ్యాయాల కోసం కొట్లాడిన సన్యాసిరావు గారు

పోయిన సోమవారం మా రైల్వే వర్క్‌షాపు నిమ్‌పురా గేటు దగ్గర టీ తాగుతుంటే హెడ్‌క్లర్కు పైడిరాజు గారు సైకిలు దిగి, మా కంప్యూటరు గది పెద్ద సన్యాసిరావు గారు తాల్‌బగీచాలో తమ ఇంట్లో కాలధర్మం చెందారని చెప్పారు. అశనిపాతం వంటి ఆ వార్తకు నా నోట వెలువడిన మొదటి మాట, "ఎవుల్ని కొడతా పోయినారు?"

"ఎవుల్నీ కాదురా. నిద్దట్లో పోయినారు."

నేను నమ్మలేదు. ఆ మహానుభావుడు అంత నిశ్శబ్దంగా చేసిన పని మరొకటి నాకు తెలియదు. దూర్వాసుని అంశ అనేవారు ఆయన్ని. దూర్వాసుడికి కాస్త ఓపిక ఉండేదని నా అభిప్రాయం.

వర్క్‌షాపు జీతాల లెక్కలకు కంప్యూటరు వచ్చిన కొత్తలో తలా ఒక ప్రోగ్రాము రాశాం. ఎవడు రాసింది వాడికే తెలుసు. వాడు పెళ్ళికి సెలవు పెడితే జీతాలకూ సెలవే. అందుచేత అందరూ కలిసి ఒక వివరణ గ్రంథం రాయాలని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. దాని అధ్యాయక్రమం నిర్ణయించే భారం సన్యాసిరావు గారిది. "నాను సచ్చినా పని నడవాల. నడిస్తే అది పుస్తకం, లేదంటే పొయ్యిలోకి కాగితం" అనేవారు.

రైల్వేలో క్వార్టరైనా కుర్చీ అయినా సీనియారిటీ ప్రకారమే. పైడిరాజు గారు అధ్యాయాలనూ అలాగే పేర్చి తెచ్చారు. తమది పెద్ద సర్వీసు కనుక తాము రాసిన ప్రావిడెంటు ఫండు కోత మొదటి అధ్యాయం. మిషను ఆగిపోతే ఏం చెయ్యాలన్నది, రాసినవాణ్ణి అందరికన్నా జూనియరునైన నేను కనుక, చిట్టచివర. సన్యాసిరావు గారు ఆ కాగితాలను నిలువునా చించారు.

"మిషను ఆగిపోయినోడికి ముందల ఏటి కావాలో అదే ముందల ఉండాల. నీ సర్వీసు ఎవుడికి కావాలయ్యా?"

పైడిరాజు గారు మిషనుకు పెట్టే కార్డుల ఇనుప ట్రే ఎత్తి సన్యాసిరావు గారి మూతి మీద కొట్టారు. కార్డులు గదినిండా ఎగిరాయి, పన్ను ఊడింది. ఈయన పైడిరాజు గారి గొంతు పట్టుకున్నారు. కురుక్షేత్రమని రాద్దును గాని, అక్కడ భోజనాల సైరను ఉన్నట్టు లేదు. మాకుంది. మోగగానే ఇద్దరూ ఒకరినొకరు వదిలి క్యారేజీలు విప్పారు.

తిన్నాక సన్యాసిరావు గారు నోట్లో గుడ్డ కుక్కుకుని, చెదిరిన కార్డులే ఏరి, కార్డుకొక సంగతి రాసి నేలమీద పరిచారు. నెత్తురంటిన కార్డు మీద 'ఆగిపోతే' అని రాసి అన్నిటికన్నా పైన పెట్టారు. పైవాళ్ళు ఆ నెత్తుర్ని ఎర్రసిరా అనుకుని, ఆడిటరు ఆమోదించాడనుకున్నారని నేను ప్రచారం చేశాను. ఆయన కూడా నవ్వారు, ఉన్న పళ్ళతో.

ఆయన పెట్టిన మరో నియమం మరిన్ని చొక్కాలు చింపింది. ఎవడి ప్రోగ్రాము గురించి వాడు రాయకూడదు, పక్కవాడు రాయాలి. "కాకిపిల్ల కాకికి ముద్దు. పక్కోడు రాస్తేనే నలుపు అగుపిస్తాది" అనేవారు.

ఒక జీతాల రోజున మిషను ఆగింది. కిటికీల్లోంచి రాళ్ళు పడ్డాయి, జీతం అందని వర్క్‌షాపు జనం ఇనుప కడ్డీలతో తలుపు మీద పడ్డారు. ఆగిన ప్రోగ్రాము రాసినవాడు ఊళ్ళో లేడు. సన్యాసిరావు గారు మాకేసి పుస్తకం విసిరి, తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. పక్కన పైడిరాజు గారు.

"జీతం కావాలా, నా తలకాయి కావాలా? రెండూ ఒక్కపాలి కుదరవు."

కడ్డీ సన్యాసిరావు గారి భుజం మీద పడింది. మేము మొదటి అధ్యాయం విప్పి, చెప్పింది చెప్పినట్టు చేశాం. పేజీలు వెతుక్కోవలసిన పని పడలేదు. మిషను కదిలింది. జీతాల చీట్లు బయటికొస్తున్న చప్పుడు విన్నాక గాని ఆయన భుజం పట్టుకుని కూర్చోలేదు.

మొన్న ఆయన దహనం అయిన నాలుగు రోజులకు కొత్త అధ్యాయం కోసం సమావేశమయ్యాం. పైడిరాజు గారు తమ వంతు చదివారు, బాగుందన్నాం. నేను నాది చదివాను, ఆయన బాగుందన్నారు. ఎవరూ ఏదీ చించలేదు. టీ చల్లారేలోపు అంతా ఏకగ్రీవం. తర్వాత దాన్ని మిషను ముందు పెట్టుకుని పని చెయ్యబోతే, ఎవరికీ ఒక్క ముక్క బోధపడలేదు.

పైడిరాజు గారు ఆ కాగితాలు మా ముందు పడేసి, "ఒరే, నన్నెవులైనా తిట్టండిరా" అన్నారు.

మాలో ఎవరికీ చేతకాలేదు.