డ్రమ్ముకిచ్చిన మంచం

బేరంలో నన్ను మించినవాడు మా బజారులో లేడని ఇప్పటికీ గొప్పలు పోతుంటాను కానీ, చేతిలో ఉన్న ఒకే ఒక్క మేలు సరుకును, కొనేవాడు ఎదురుగా నిలబడి అడుగుతున్నా అమ్మకుండా, ఆ కొనేవాడు కన్నుమూసేదాకా దాచిపెట్టుకున్న మొనగాణ్ని కూడా నేనే. మొన్న మా అల్లుడు హైదరాబాదులో, బీరు అక్కడే కాచి పోసే హోటలుకు తీసుకెళ్లి గోధుమ బీరు తెప్పించాడు. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే మగ్గిన అరటిపండు వాసన కొట్టింది, దాంతోపాటు మా బావ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

మా అక్క మొగుడే నన్ను దుబాయ్ రప్పించాడు. కోరుట్లలో కిరాణా గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని గనక నైఫ్ బజారులో ఒక సేటు దుకాణంలో కుదిర్చి, తన గదిలోనే చోటిప్పించాడు. ఎనభై మూడో, నాలుగో. ఆరుగురికి ఒకటే ఏసీ. దాని కింది మంచం కోసం ఏడాదిపాటు అందరికీ చాయ్ పెట్టి, బాత్రూము కడిగి బేరం కుదుర్చుకున్నాను. నెల తిరక్కుండానే బావ నా మంచం తీయించి అక్కడ నీలం డ్రమ్ము పెట్టాడు.

ఆయన ఒక జర్మన్ ఇంజనీరుకు డ్రైవరు. ఆ దొర చెప్పినట్టే గోధుమలు మొలకెత్తించి, మిద్దెమీద ఎండబెట్టి, దంచి ఉడికించి, దొర ఇచ్చిన చేదు పూలూ ఈస్టూ వేసి దొంగచాటుగా బీరు కాచేవాడు. గోధుమలు నేను బేరమాడి తెచ్చినవే, డ్రమ్ము మా దుకాణానికి ఆలివ్ కాయలొచ్చినదే. పులిసే నాలుగు రోజులూ వేడి ఇరవై డిగ్రీలు దాటకూడదట. అందుకని తడి గోనె చుట్టి, దాని లోపల థర్మామీటరు దోపి, జ్వరమొచ్చిన బిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు. దొరకు నచ్చితే జెబెల్ అలీ రేవులో స్టోర్‌కీపరు పని, ఆ జీతం మీద అక్కకు వీసా. ఆ సంగతి నాకూ తెలుసు. నేను తలుపు దగ్గర చెప్పుల పక్కన చాప పరుచుకుంటుంటే, "నీకు చెమట పడితే తుడుచుకుంటవు బామ్మర్దీ, దానికి పడితే పాడైతది" అని గదంతా నవ్వించాడు. ఆ నవ్వును చక్రవడ్డీకి తిప్పాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు దుకాణం మూసేవాళ్లు. గదిలో ఎవరూ లేని ఆ మూడు గంటలూ ఏసీ ఆపి, గోనె విప్పి, కిటికీ తెరిచి, డ్రమ్ము పక్కనే చెమటలు కక్కుతూ ఆనందించేవాణ్ని. ఎండకు ఇడ్లీ పిండి చెడినట్టే ఇదీ చెడుతుందని నా లెక్క. నాలుగింటికి అన్నీ మామూలే. గోనె మడతల్లో ఐసు ముక్కలు పెట్టి, బావ వచ్చేసరికి థర్మామీటరును ఇరవైకి దింపేవాణ్ని.

గోధుమ బీరుకు ఆ అరటి వాసన తెచ్చేది వేడేనని నాకేం తెలుసు? దొర తాగి, తన తాత కాచినట్టే ఉందని కళ్లు మూసుకున్నాడట, కంపెనీ పెద్ద మేనేజరు, ముదీర్ అంటారు, ఆయన విందుకు మళ్లీ ఇదే కావాలన్నాడట. నా పగ బావకు పట్టాభిషేకం చేసింది.

ఆ మహిమ నా ఎండదేనని అప్పటికి అర్థమైంది గనక, రెండోసారి నేనేమీ చేయలేదు. అదే నేను చేసింది. డ్రమ్ము ఇరవై దగ్గర బుద్ధిగా పులిసింది, బీరులో అరటి వాసన ఊసే లేదు. ముదీర్ ముందు దొర మాట పోయింది. స్టోరు పని ఇంకెవరికో వెళ్లింది, బావను ఫుజైరా క్వారీకి లారీ తోలమన్నారు.

పెట్టె సర్దుకుంటూ, నావైపు చూడకుండా అడిగాడు.

"మొదటిసారి నువ్వేమన్న చేసినవా? చెప్పు, దొర ఇంకొక్కసారి చూస్తనన్నడు."

"నాకేం తెల్సు బావా, తలుపు కాడ పండేటోణ్ని."

ఆ మాట ఇచ్చినంత హాయి మళ్లీ ఏ బేరమూ ఇవ్వలేదు.

ఇప్పుడు మీట నొక్కితే యంత్రమే వేడి చూసుకుంటుందని అల్లుడు చెబుతున్నాడు. గోనె తడిపేవాడూ అక్కర్లేదు, విప్పేవాడూ అక్కర్లేదు. బావ పోయి మూడేళ్లు. ఎప్పుడు కలిసినా ఆ మొదటి డ్రమ్ము మాటే ఎత్తేవాడు. ఇక లెక్క తేల్చాలి. బావ వెళ్లాక నాకు తిరిగొచ్చింది, ఏసీ కింద మంచం, రెండు ఎండాకాలాలు. బావకు పోయింది ఒక కొలువు. అది ఆయనకు తగిందేనని ఇవాళా అంటాను. అక్క మాత్రం కోరుట్లలో పదకొండేళ్లు ఒక్కతే ఉంది. ఆమె నా మంచం జోలికి ఎన్నడూ రాలేదు.