సువార్తమ్మ టీచర్ పూసిన తెల్లమందు

మొన్న నంద్యాలలో మందుల షాపు దగ్గర మా అమ్మాయి తన కూతురికి ఎండకు పూసే క్రీము ఎంచుతోంది. పిల్లది సున్నితమైన చర్మం. వాసన కలపనిదే కావాలని అడిగి, ఒక గొట్టం మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. తడిసిన సుద్దలాంటి చల్లని మందువాసన. అంత రద్దీలోనూ మా సువార్తమ్మ టీచర్ వేళ్లు నా చెంపలకు తగిలినట్టయింది.

డెబ్బైలలో మేం ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. నాయన వేరుశనగ పండించేవాడు. నాకు పుట్టినప్పటి నుంచీ ఎండ పడదు. కాసేపు బయట నిలబడితే ముఖం కందిపోయి, సాయంత్రానికి పొక్కులు లేచేవి. అమ్మ కొబ్బరినూనె రాసేది, పసుపు పూసేది, చివరికి ఏడుస్తూ కూర్చునేది. నేను ఏడో తరగతిలో ఉండగా మా బడికి వచ్చిన సువార్తమ్మ టీచర్ ఏడ్చే రకం కాదు. పొట్టి మనిషి, ముక్కు మీదే కోపం. ప్రార్థన వేళ నేను వరండాలో స్తంభం వెనక ఉండటం చూసి నేరుగా నా దగ్గరికే వచ్చారు.

"ఈడేం జేస్తాండావ్?"

"నాకు ఎండ పడదు టీచర్."

"పడకపోతే మందేందో చూడాల. దాక్కుంటే ఎట్ల?"

మరునాడు తను ముఖానికి వాడే స్నో తెచ్చి పూశారు. మంచి గులాబీ వాసన. గంట తిరగకముందే ముఖం మంటెత్తిపోయింది. బోరింగు దగ్గరికి లాక్కెళ్లి కడుగుతూ, "నాదే తప్పు పాపా, తెలీకుండా పూసినా," అన్నారు. పెద్దవాళ్లు పిల్లలతో ఆ మాట అనగా నేను వినడం అదే మొదలు. ఆ శనివారం అమ్మనూ నన్నూ బస్సెక్కించి నంద్యాలలో చర్మం డాక్టరుకు చూపించారు. ఆయన సువాసన ఏదీ పనికిరాదని చెప్పి, జింకు కలిసిన తెల్లమందు రాసిచ్చాడు. ఈసారి టీచర్ తొందరపడలేదు. మోచేతి మడతలో చిటికెడు పూసి, రోజూ చెయ్యి పట్టుకుని చూసి, అక్కడ ఎర్రబడలేదని తేలాకే ముఖానికి పూశారు.

ముఖం సున్నం కొట్టిన గోడలా ఉందని తరగతంతా నవ్వింది. నేను బల్ల మీద తల వాల్చేశాను.  టీచర్ డబ్బాలో వేలు ముంచి తన నల్లటి ముఖం నిండా పూసుకుని, అలాగే పాఠం చెప్పారు. పిల్లలు కాసేపు ఇంకా నవ్వారు. తర్వాత లెక్కలు మొదలయ్యాయి, ఎవరికీ నవ్వే తీరిక లేకపోయింది. ఆ ఏడాది నేను పొడుగు చేతుల జాకెట్టుతో, తెల్లముఖంతో అందరితో కలిసి ఆడుకున్నాను.

ఆ వేసవిలో టీచరుకు కొలిమిగుండ్ల బదిలీ అయింది. మా బడి ఏడో తరగతి వరకే. హైస్కూలు ఊరికి ఆ చివరన ఉండేది. నాయన నన్ను పంపలేదు. ఆ సంగతి ఎలా తెలిసిందో, ఒకరోజు ఆమె బస్సు దిగి మా ఇంటికి వచ్చారు. మావాళ్లు ఆమెను వసారాలోనే కూర్చోబెట్టారు. పనివాళ్లకు విడిగా ఉంచే గ్లాసులో అమ్మ కాఫీ ఇచ్చింది. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"పాప బాగా చదువుతాది అప్పా. గొడుగిచ్చి పంపు."

"ఎండ పడని పిల్ల, చదివి యాడికి పోతాది టీచరమ్మా? ఇంట్లో నీడన ఉండనీ."

ఎంత చెప్పినా నాయన కదల్లేదు. ఆమె కాఫీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్లిపోయారు. నేను పెరటి దారిన పరుగెత్తి వీధి మలుపులో కలుసుకున్నాను.

"నీకు చదవాలని ఉందా?"

"ఉంది టీచర్."

ఆమె అక్కడే ఆగిపోయారు. "అంతసేపూ మీ నాయన్నే అడిగినా. నిన్ను పిలిచి ఆయన ముందర అడగల్సింది. దసరా సెలవులకు మళ్లా వస్తా, అప్పుడు నువ్వే చెప్పు."

ఆమె రాలేదు. జ్వరంతో మంచాన పడి ఆ చలికాలంలోనే పోయారని తర్వాతెప్పుడో తెలిసింది. నాకు పెళ్లయి నంద్యాల వచ్చాక, ఎనభైలలో, చంకలో బిడ్డతో ప్రైవేటుగా పదో తరగతి రాశాను. పాసయ్యానని చెప్పుకోవడానికి వెళ్లవలసిన ఇల్లు ఒక్కటే ఉండేది. అక్కడ ఆమె లేరు.

తర్వాత ఎన్నో ఏళ్లు చిన్నపిల్లల బాలవాడిలో పనిచేశాను. తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని తెచ్చి, వీడికి అది రాదు, దీనికి ఇది పడదు అని చెబుతుండేవారు. అంతా వినేదాన్ని. విన్నాక నేల మీద కూర్చుని, పిల్లవాడి ముఖంలోకి చూసి, "నీకేం కావాల నాయనా?" అని అడిగేదాన్ని. కొందరికి చెప్పడానికి చాలాసేపు పట్టేది. తల్లి విసుక్కున్నా సరే, వాళ్లు నోరు తెరిచేదాకా లేచేదాన్ని కాదు.